కెమెరా వాళ్లకూ బ్యాటరీ వాళ్లకూ మాటల్లేవు

ప్రశ్న: మేడమ్, నేను ఇంజనీరింగ్ మూడో సంవత్సరం విద్యార్థినిని. మాకు రెండు సెమిస్టర్ల డిజైన్ కోర్సు ఉంది. పదకొండు మందిమి కలిసి ఒక చిన్న ఉపగ్రహాన్ని, 2యూ క్యూబ్‌శాట్‌ని (పది సెంటీమీటర్ల ఘనాలు రెండు పేర్చినంత పెట్టెని), డిజైన్ చేయాలి. భూమిని ఫొటోలు తీయడం దాని పని. అందరూ ఎవరికి నచ్చిన పని వాళ్లు తీసేసుకున్నాక మిగిలిన ‘సిస్టమ్స్ ఇంజనీర్’ బాధ్యత, అంటే అన్ని జట్ల పనినీ ఒకటిగా కలపడం, నాకొచ్చింది. కెమెరా చూసేవాళ్లు ఇప్పటికి మూడు కెమెరాలు మార్చారు. కొత్తదానికి 4 వాట్లు కావాలట, ఉపగ్రహం అర డిగ్రీ కూడా తేడా రాకుండా గురిపెట్టి ఉండాలట. పవర్ వాళ్లు ‘కుదరదు’ అని ఒక్క ముక్క చెప్పి ఊరుకున్నారు. రెండు వారాలుగా ఆ రెండు జట్ల మధ్య మాటల్లేవు. సాఫ్ట్‌వేర్ మొత్తం ఒక్కడే రాత్రిళ్లు కూర్చుని రాస్తాడు, ఎవరినీ ముట్టుకోనివ్వడు. ఇద్దరు మీటింగులకే రారు. మార్కులు మాత్రం అందరికీ కలిపి. ప్రొఫెసర్ గారిని అడిగితే ‘మీలో మీరే తేల్చుకోండి’ అన్నారు. ఏడు వారాల్లో ప్రిలిమినరీ డిజైన్ రివ్యూ (తొలి డిజైన్‌ను పరిశీలించి ప్రశ్నలడిగే సమావేశం) ఉంది. ఈ బాధ్యత వదిలేయనా? అందరి మీదా రాతపూర్వకంగా ఫిర్యాదు చేయనా? అయినా ఎగురుతుందో లేదో తెలియని ఉపగ్రహం కోసం ఇంత తలనొప్పి అవసరమా?
— పేరు రాయవద్దన్న విద్యార్థిని

సమాధానం: బాధ్యత వదలకండి. ఫిర్యాదు కూడా ఇప్పుడే వద్దు. మూడో ప్రశ్నకు చివర్లో వస్తాను.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి కొట్లాట కనపడింది. రెండోసారి, అందులో లెక్క లేదని కనపడింది. కెమెరా వాళ్లు 4 వాట్లు అడిగారు, సరే. ఎంతసేపు? ఆ ముక్క ఎక్కడా లేదు. వాళ్లు చెప్పలేదో, మీరు అడగలేదో, బహుశా రెండూనేమో. పవర్ వాళ్లు ఆ 4 వాట్లూ ఇరవై నాలుగు గంటలూ ఇవ్వాలనుకుని బెదిరిపోయి ఉంటారు. వాళ్ల స్థానంలో ఎవరున్నా బెదరాల్సిందే. విద్యార్థి బృందాల రివ్యూల్లో కూర్చున్నప్పుడు నాకు తరచూ ఎదురయ్యేది ఇదే: స్వభావాల గొడవ అని అందరూ నమ్మేసిన దాంట్లో ముప్పాతిక వంతు, ఒకే కాగితం మీదకు రాని అంకెల గొడవ.

కాబట్టి ముందు ఆ కాగితం తయారు చేద్దాం. నేను ఉజ్జాయింపు అంకెలు వేస్తాను, మీ అసలు భాగాల డేటాషీట్లు చూసి మీరు సరిచేసుకోండి.

మీ ఉపగ్రహం వెడల్పు, మందం పదేసి సెంటీమీటర్లు, పొడవు ఇరవై పైచిలుకు. నాలుగు పొడవాటి పక్కలకూ నాలుగేసి సోలార్ సెల్స్ అతికించారనుకుందాం. ఒక్కోటి 30 చదరపు సెం.మీ. పదహారింటికీ కలిపి 480. ఇందులో ఎంతమేర ఎండకు ఎదురుగా ఉంటుంది? ఉపగ్రహం ఎటుపడితే అటు దొర్లుతోందనుకుంటే, సగటున నాలుగో వంతు. ఇది ఫ్రెంచి గణితవేత్త కోషీ కాలం నాటి జ్యామితి, ఏ ఆకారానికైనా లోపలికి నొక్కుకుపోయిన చోటు లేనంతవరకూ పనిచేస్తుంది. అంటే 120 చదరపు సెం.మీ. భూమి దగ్గర అంతరిక్షంలో ఎండ చదరపు మీటరుకు 1361 వాట్లు. మంచి సెల్ అందులో 28 శాతాన్ని కరెంటుగా మారుస్తుంది. గుణిస్తే, ఎండలో ఉన్నంతసేపూ నాలుగున్నర వాట్లు. కానీ 500 కి.మీ. ఎత్తులో ఒక చుట్టుకు దాదాపు 95 నిమిషాలు పడితే, అందులో 35 నిమిషాల దాకా భూమి నీడలోనే గడవచ్చు. దాంతో సగటు 2.8 వాట్లకు దిగుతుంది. వోల్టేజి మార్చడంలోనూ బ్యాటరీ నింపి మళ్లీ వాడడంలోనూ పోయేది తీసేస్తే చేతికందేది రెండుంబావు వాట్లు. అందులో ఐదో వంతు పక్కన పెట్టండి. డిజైన్ దశలో ఏ పరికరమైనా తర్వాత ఇంకాస్త ఎక్కువే తింటుంది, తక్కువ తిన్నది నేను చూళ్లేదు. మిగిలింది 1.8 వాట్లు. ఇదీ మీ రాబడి.

ఇక ఖర్చులు. కంప్యూటర్‌కు 0.4 వాట్లు. రిసీవర్‌కు 0.25, దాన్ని ఎప్పుడూ ఆపకూడదు, ఆపితే మీ మాట వినేవాళ్లుండరు. దిశ చూసుకునే సెన్సార్లకూ మాగ్నెటార్కర్లకూ (భూమి అయస్కాంత క్షేత్రం ఆసరాతో ఉపగ్రహాన్ని తిప్పే విద్యుదయస్కాంతాలకూ) 0.4. ట్రాన్స్‌మిటర్ 3 వాట్లు తింటుంది కానీ మాట్లాడేది తక్కువ, ‘బతికే ఉన్నాను’ అని ఉండుండి పంపే చిన్న సంకేతం, బీకన్‌తో కలిపినా సగటున 0.2. తర్వాత బ్యాటరీ హీటర్, సగటున 0.2. దీన్ని దాదాపు ప్రతి బృందమూ మర్చిపోతుంది. లిథియం బ్యాటరీని సున్నా డిగ్రీల కంటే చల్లగా ఉన్నప్పుడు చార్జి చేస్తే పాడవుతుంది, నీడలోంచి బయటికొచ్చే సమయానికి అది చల్లబడి ఉండొచ్చు. అన్నీ కలిపితే 1.45. చేతిలో మిగిలింది 0.35 వాట్లు.

ఇప్పుడు కెమెరా. నాలుగు వాట్లు నిరంతరం అంటే మొత్తం రాబడికి రెండింతలు పైనే, పవర్ వాళ్లు ‘కుదరదు’ అనడంలో తప్పేమీ లేదు. చుట్టుకు పది నిమిషాలు మాత్రమే ఆన్ చేస్తే సగటున 0.42 వాట్లు, చిటికెడు ఎక్కువ. రెండు నిమిషాలు చాలనుకుంటే 0.08. అప్పుడు ఇంకా మిగులుతుంది కూడా. అంటే, కెమెరా అవసరం నిజమే, పవర్ వాళ్ల భయమూ నిజమే. రెండింటి మధ్యా ఉండాల్సిన ‘ఎంతసేపు’ అన్న గడి ఒక్కటే ఖాళీ.

మరి ఎంతసేపు కావాలి? ఈ ప్రశ్నకు జవాబు కెమెరా వాళ్ల దగ్గర లేదు, పవర్ వాళ్ల దగ్గరా లేదు. మీ ఉత్తరంలో ఒక్కసారి కూడా ప్రస్తావనకు రాని జట్టు దగ్గర ఉంది. కమ్యూనికేషన్స్ ఎవరు చూస్తున్నారు? వాళ్లు గొడవ పడడం లేదు కాబట్టి వాళ్లకు సమస్య లేదని మీరు అనుకుని ఉంటారు. అసలు ఇరుకు అక్కడే ఉంది.

విద్యార్థి ఉపగ్రహాల్లో ఎక్కువగా కనిపించే వేగం సెకనుకు 9600 బిట్లు. ఉపగ్రహం మీ గ్రౌండ్ స్టేషన్ మీదుగా ఒకసారి వెళ్లేటప్పుడు మంచి పాస్ అయితే ఎనిమిది నిమిషాలు పనికొస్తుంది. 480 సెకన్లను 9600తో గుణించి బైట్లలోకి మార్చండి: 576 కిలోబైట్లు. ప్రతి డేటా ప్యాకెట్‌కూ చిరునామాలా తగిలించే హెడర్లూ, అందక మళ్లీ అడిగేవీ పోగా 400 మిగిలితే సంతోషించాలి. అలాంటి పాస్‌లు రోజుకు నాలుగైదు అనుకుందాం. మీ మూడో కెమెరా ఎన్ని మెగాపిక్సెళ్లో మీరు రాయలేదు. 12 అనుకుందాం. కుదించకుండా ఒక ఫొటో, పిక్సెల్‌కు ఒక బైటు వేసుకున్నా, 12 మెగాబైట్లు. ముప్పై పాస్‌లు. ఒక్క ఫొటో కిందికి రావడానికి దాదాపు వారం. చుట్టుకొక ఫొటో తీస్తే రోజుకు పదిహేను ఫొటోలు, అంటే రోజుకు పదిహేను వారాల పని ఉపగ్రహంలో పేరుకుపోతుంది.

కాబట్టి ఆ పెద్ద కెమెరాను చుట్టుకు పది నిమిషాలు నడపాల్సిన అవసరమే రాదు. కుదించిన ఫొటోలు రోజుకు రెండు మూడు చాలు. ముందు ఇరవై కిలోబైట్ల చిన్న నమూనా బొమ్మలు దింపుకుని, అందులో మేఘాలు కమ్మనిది ఏరుకుని దాన్ని మాత్రమే పూర్తిగా అడగాలి. అప్పుడు కెమెరా రోజుకు కొన్ని నిమిషాలే పనిచేస్తుంది. పవర్ వాళ్లతో గొడవ అసలు మొదలవదు. ఇంత పెద్ద కెమెరా ఎందుకు అన్న ప్రశ్న మాత్రం మొదలవుతుంది, అది మీరు వేయాల్సిందే. రెండో కెమెరా చిన్నదై ఉంటే, దానికి తిరిగి వెళ్లడంలో పరువు పోయేదేమీ లేదు.

అర డిగ్రీ సంగతి కూడా ఇలాగే విప్పాలి. 500 కి.మీ. ఎత్తు నుంచి అర డిగ్రీ తప్పితే నేల మీద 4.4 కి.మీ. తేడా. ఐదు డిగ్రీలు తప్పితే 44 కి.మీ. ఒక ఫొటోలో 150 కి.మీ. నేల పడుతుంటే, ఐదు డిగ్రీల తప్పుతో కూడా అడిగిన చోటు ఫొటోలోనే ఉంటుంది. ఒక మూలకు జరుగుతుందంతే. అర డిగ్రీ ఎక్కడి నుంచి వచ్చిందో అడగండి. ఏదో పెద్ద ఉపగ్రహం వివరాల్లో చూసి రాసుకున్నారని నా అనుమానం. అర డిగ్రీ కావాలంటే రియాక్షన్ వీల్స్ (తాము తిరుగుతూ ఉపగ్రహాన్ని తిప్పే చక్రాలు), స్టార్ ట్రాకర్ (నక్షత్రాలను చూసి దిశ చెప్పే కెమెరా) లాంటివి కావాలి, వాటికి చోటు, బరువు, మళ్లీ వాట్లు. మాగ్నెటార్కర్లతోనే నెట్టుకొచ్చే ఉపగ్రహానికి కొన్ని డిగ్రీలే సాధ్యం.

మీ ఫొటోలకు గురి కంటే తిరుగుడు ముఖ్యం. ఉపగ్రహం సెకనుకు ఒక డిగ్రీ తిరుగుతుంటే నేల మీద కెమెరా చూపు సెకనుకు 8.7 కి.మీ. జరుగుతుంది. కక్ష్యలో ముందుకు పోవడం వల్ల ఎలాగూ ఉన్న ఏడు కి.మీ. దీనికి అదనం. రెండూ కలిసి వచ్చినా, షట్టర్ సెకనులో వెయ్యో వంతు మాత్రమే తెరిస్తే పదహారు మీటర్ల చెరుపు. మీ పిక్సెల్ నేల మీద యాభై మీటర్లైతే అది కంటికి ఆనదు. 2003లో ఎగిరిన టోక్యో విశ్వవిద్యాలయం వారి ఎక్స్‌ఐ-4 ఒక కిలో డబ్బా. దిశ కోసం అందులో ఉన్నది ఒక శాశ్వత అయస్కాంతం, ఊగిసలాట తగ్గించే ఏర్పాటు, అంతే. అదే భూమి ఫొటోలు పంపింది, పదేళ్లకు పైగా పనిచేసింది. మీ కెమెరా వాళ్లకు ఈ ఉదాహరణ చెప్పి చూడండి.

ఇంత లెక్కా మీరు చేసి తీసుకెళ్లి వాళ్ల ముందు పెట్టకండి. పెడితే మీరు గెలిచినట్టు, వాళ్లు ఓడినట్టు అవుతుంది. ఒక పట్టిక వేయండి. పరికరం పేరు, ఎన్ని వోల్టులు, ఆన్‌లో ఉంటే ఎన్ని వాట్లు, ఒక్కసారికి ఎంతసేపు, రోజుకు ఎన్నిసార్లు, ఎన్ని గ్రాములు, ఎన్ని కిలోబైట్లు పుట్టిస్తుంది. ఎవరి వరుస వాళ్లకు విడివిడిగా పంపి నింపమనండి. మొత్తాలు వచ్చే గడులు మీవి. అందరి అంకెలూ వచ్చాక ఒక గదిలో కూర్చోబెట్టి పట్టికను గోడ మీద వేయండి. ఇంటి ఖర్చుల పుస్తకం లాంటిదే ఇదీ, కాకపోతే ఇక్కడ అప్పు పుట్టదు. ఎర్రగా కనిపిస్తున్న మొత్తాన్ని చూస్తూ ఎవరూ ఎవరినీ తిట్టరు. ‘ఎంతసేపు’ గడిలో కెమెరా వాళ్లు రాసిన అంకెను వాళ్లే కొట్టేసి చిన్నది వేసుకుంటారు. వేసుకోకపోతే అప్పుడు మీరు నోరు తెరవండి.

ఆ పట్టికే మీ అధికారం. సిస్టమ్స్ ఇంజనీర్‌కు ఎవరినీ ఆజ్ఞాపించే హక్కు లేదని మీరు బాధపడుతున్నట్టు అనిపించింది. అక్కర్లేదు. పట్టికలో లేని పరికరం ఉపగ్రహంలో లేదు అని ఒక నియమం పెట్టండి, ప్రొఫెసర్ గారి చేత ఒక్కసారి అందరి ముందూ చెప్పించండి. రివ్యూకు నాలుగు వారాల ముందు ఒక తేదీ వేసి, ఆ తర్వాత అంకె మార్చాలంటే ఆ మార్పు తగిలే జట్ల సంతకాలు కావాలనండి.

ఇంకో కాగితం కూడా కావాలి, ఇది కాస్త విసుగు పని. ఏ బోర్డు ఏ బోర్డుతో ఎలా కలుస్తుంది అన్నది. ఏ పిన్‌లో ఏ సంకేతం, ఎన్ని వోల్టులు, ఎవరు ముందు మాట్లాడతారు, జవాబు రాకపోతే ఎంతసేపు ఆగుతారు. కనెక్టర్‌ను ముందు నుంచి చూసి పిన్ నంబర్లు వేశారా, వెనక నుంచా అన్నది తప్పకుండా రాయించండి. ఇద్దరూ తమ తమ బొమ్మల్లో సరిగ్గానే గీసి, కలిపినప్పుడు అద్దంలో ప్రతిబింబంలా తిరగబడడం చాలా మామూలు. అన్నీ ఒకే ఐ-టూ-సీ బస్ (చిప్‌లన్నీ పంచుకుని మాట్లాడుకునే రెండు తీగలు) మీద వేలాడదీస్తున్నారేమో కూడా చూడండి. అందులో ఒక్క చిప్ మొండికేసి లైన్‌ను కిందికి పట్టేసిందంటే మిగతా ఎవరికీ నోరు పెగలదు. అందుకే ప్రతి పరికరానికీ కరెంటును విడిగా ఆపి మళ్లీ ఇవ్వగలిగే స్విచ్ పవర్ బోర్డులో ఉండాలి. పవర్ వాళ్లకు ఈ పని ఇవ్వండి. ‘కుదరదు’ అనే వాళ్లుగా కాక, ఉపగ్రహాన్ని బతికించే వాళ్లుగా తమను తాము చూసుకోవడానికి అది పనికొస్తుంది.

పవర్ సంగతి తేలిగ్గా తీసుకోవద్దని చెప్పడానికి ఒక్క సంఘటన చాలు. యూరోపియన్ స్పేస్ ఏజెన్సీ ప్రోత్సాహంతో ఎన్నో విశ్వవిద్యాలయాల విద్యార్థులు, ఎక్కువ భాగం ఇంటర్నెట్‌లోనే మాట్లాడుకుంటూ, ఎస్‌ఎస్‌ఈటీఐ ఎక్స్‌ప్రెస్ అనే ఉపగ్రహం కట్టారు. 2005 అక్టోబర్ 27న అది కక్ష్యలోకి చేరింది, మాట్లాడింది, తనలో మోసుకెళ్లిన మూడు క్యూబ్‌శాట్‌లను బయటికి వదిలింది. ఆ తర్వాత పవర్ వ్యవస్థలో లోపం వచ్చి బ్యాటరీ చార్జి కాలేదు. ఒక రోజు తిరక్కుండానే మూగబోయింది. దేశాల మధ్య సమన్వయం నిలబడింది, ఒక సర్క్యూట్ నిలబడలేదు.

సాఫ్ట్‌వేర్ అబ్బాయి గురించి. మీరు అతన్ని సమస్యల జాబితాలో వేశారు, నాకు మాత్రం అతను భయపడుతున్నాడని అనిపిస్తోంది. పదకొండు మందిలో పని అందరికీ కనపడేది అతనిదే, తప్పులూ అందరికీ కనపడేవి అతనివే. ముట్టుకోనివ్వని వాడి దగ్గర కోడ్ లాక్కోవాలని చూస్తే ఇంకా గట్టిగా పట్టుకుంటాడు. ఒక్కటే అడగండి: వేరే వాళ్ల ల్యాప్‌టాప్ మీద, అతను గదిలో లేకుండా, అతను రాసిచ్చిన సూచనలు మాత్రమే చూసుకుంటూ ఆ కోడ్‌ను బోర్డులోకి ఎక్కించగలగాలి. వారానికోసారి, వేర్వేరు మనుషులు. మొదటిసారి అది జరగదు, ఫర్వాలేదు. కోడ్‌ను గిట్‌లో (ప్రతి మార్పునూ గుర్తుపెట్టుకునే ఉమ్మడి అరలో) పెట్టడం, సూచనలు రాయడం ఆ దెబ్బతో అతనే మొదలుపెడతాడు. పరీక్షల సమయంలో అతనికి జ్వరం వస్తే ఏమిటన్న ప్రశ్న ఎలాగూ ఉంది, కానీ దాన్ని అతని మొహం మీద అనకండి.

మీటింగులకు రాని ఇద్దరి విషయంలో నేను పెద్దగా చెప్పేది లేదు. వాళ్లకు హద్దులున్న పని ఎప్పుడైనా దొరికిందా అని ఆలోచించండి. ‘స్ట్రక్చర్ చూడు’ అంటే ఎవరూ చూడరు. ‘పిన్‌ల పట్టికను రెండు వైపుల నుంచీ సరిపోల్చి శుక్రవారానికి తేడాలు చెప్పు’ అంటే కొందరు చేస్తారు. లింక్ బడ్జెట్ (రేడియో సంకేతం అవతలికి చేరేసరికి ఎంత బలం మిగులుతుందన్న లెక్క), పరీక్షల క్రమం రాయడం, తూకాల పట్టిక, ఇవన్నీ ఒంటరిగా కూర్చుని పూర్తి చేయదగ్గ పనులే. రెండుసార్లు ఇచ్చి చూడండి. అప్పటికీ రాకపోతే తేదీలతో సహా ప్రొఫెసర్ గారికి చెప్పండి. అది చాడీ అవదు, పనులు ఎవరెవరికి పంచారో చెప్పడమే.

రివ్యూ కోసం ఒక బల్ల సంపాదించండి. బోర్డులన్నీ డబ్బాలో కూర్చే ముందు బల్ల మీద పరిచి వైర్లతో కలపడాన్ని ఫ్లాట్‌శాట్ అంటారు, మీ ప్రొఫెసర్‌కు తెలిసే ఉంటుంది. ఈ దశలో అసలు బోర్డులు లేకపోయినా ఫర్వాలేదు, మార్కెట్లో దొరికే చిన్న డెవలప్‌మెంట్ బోర్డులు పెట్టండి. కెమెరా తర్వాత. ముందు మూడే మూడు పనులు జరగాలి: కరెంటు ఇవ్వగానే కంప్యూటర్ లేవడం, బీకన్ పంపడం, దాని ప్రోగ్రామ్ కావాలని ఇరికించినప్పుడు వాచ్‌డాగ్ (కంప్యూటర్ ఇరుక్కుపోతే కనిపెట్టే కాపలా టైమర్) దాన్ని రీసెట్ చేసి మళ్లీ బీకన్ రావడం. దాన్ని ఒక రాత్రంతా వదిలేసి పొద్దున వచ్చి చూడండి. అంతరిక్షంలో ఒక రేణువు చిప్‌లోకి దూసుకెళ్లి బిట్ తారుమారు చేస్తే మీరు వెళ్లి బటన్ నొక్కలేరు. విశ్వవిద్యాలయాల ఉపగ్రహాల్లో చాలావాటి కథ ఫొటో దాకా వెళ్లకుండానే, తొలి రోజుల్లోనే ముగిసింది. ఆలస్యంగా కలిపి, తక్కువగా పరీక్షించి పంపినవి వాటిలో ఎన్నో.

మీ విజయాన్ని కూడా మెట్లుగా రాసుకోండి. బీకన్ వినపడితే మొదటి మెట్టు. మనం పంపిన ఆదేశానికి జవాబొస్తే రెండోది. చిన్న నమూనా బొమ్మ దిగితే మూడోది. పూర్తి ఫొటో ఆఖరున. ఇది రాసి ఉంటే చోటు, బరువు, సమయం చాలనప్పుడు ఏది కోయాలో అప్పటికప్పుడు కొట్టుకోవాల్సిన పనుండదు. పై మెట్టు నుంచి కోసుకుంటూ వస్తారు.

రివ్యూలో నాలాంటి వాళ్లు ఏమడుగుతారో చెప్పేస్తాను, ఇందులో రహస్యమేమీ లేదు. యాంటెనా తెరుచుకోకపోతే ఏం చేస్తారు? (ఒక్కసారి ప్రయత్నించి ఊరుకుంటుంది అని జవాబిస్తే మేం మొహమొహాలు చూసుకుంటాం.) రాకెట్ నుంచి బయటపడ్డాక యాంటెనాల్లాంటివి తెరవడానికి కనీసం 30 నిమిషాలు, రేడియో మొదలుపెట్టడానికి 45 నిమిషాలు ఆగాలన్న క్యూబ్‌శాట్ నియమం మీ సాఫ్ట్‌వేర్‌లో ఎక్కడుంది? ఆ టైమర్ మధ్యలో కంప్యూటర్ రీసెట్ అయితే లెక్క మళ్లీ మొదటికొస్తుందా? బ్యాటరీ పూర్తిగా అయిపోయి మళ్లీ ఎండ వస్తే ఉపగ్రహం తనంతట తాను లేస్తుందా? ఏ ఫ్రీక్వెన్సీ వాడతారు, అమెచ్యూర్ (హామ్ రేడియో వాళ్ల) బ్యాండ్ అయితే అంతర్జాతీయ అమెచ్యూర్ రేడియో యూనియన్ సమన్వయానికీ దేశంలోని అనుమతులకూ నెలలు పడతాయని మీ షెడ్యూల్లో ఉందా? పని ముగిశాక ఎన్నేళ్లలో కాలిపోతుంది? పాత మార్గదర్శకం 25 ఏళ్లు, అమెరికాలో 2022లో దాన్ని 5 ఏళ్లకు కుదించారు. 500 కి.మీ. ఎత్తులో మీ అంత చిన్న ఉపగ్రహం కొన్నేళ్లలో తనంతట తానే పడిపోతుంది, కానీ ఆ లెక్క స్లయిడ్ మీద ఉండాలి. ఈ ప్రశ్నలన్నిటికీ జవాబులు ఉండాలని ఎవరూ ఆశించరు. ‘ఇది ఇంకా తేలలేదు, ఫలానా వారానికి తేలుస్తాం’ అన్నదీ మంచి జవాబే. లేని జవాబును అక్కడికక్కడ పుట్టించడమే చెడ్డది.

ఇప్పుడు మూడో ప్రశ్న, ఎగురుతుందో లేదో తెలియని ఉపగ్రహం కోసం ఈ తలనొప్పి అవసరమా అన్నది. 1999లో అమెరికాలోని కాల్ పాలీ విశ్వవిద్యాలయంలో జోర్డి పుయిగ్-సువారీ, స్టాన్‌ఫర్డ్‌లో బాబ్ ట్విగ్స్ ఈ పది సెంటీమీటర్ల పెట్టె కొలతను రూపొందించింది విద్యార్థుల కోసమే. పెద్ద ఉపగ్రహాలకు ఏళ్లూ పూళ్లూ పడుతుంది, ఒక విద్యార్థి చదువు పూర్తయ్యేలోగా డిజైన్ నుంచి నడపడం దాకా మొత్తం చూడాలంటే పెట్టె చిన్నదై ఉండాలని వాళ్ల ఆలోచన. 2003 జూన్ 30న రష్యాలోని ప్లెసెట్‌స్క్ నుంచి ఎగిరిన తొలి క్యూబ్‌శాట్‌లలో కొన్నిటి నుంచి ఒక్క సంకేతమూ రాలేదు. 2006 జూలై 26న కజకిస్తాన్‌లోని బైకనూర్ నుంచి లేచిన ద్నెప్ర్ రాకెట్ విఫలమై 14 క్యూబ్‌శాట్‌లు ఒకేసారి పోయాయి, అందులో చాలావరకు విశ్వవిద్యాలయాలవే. వాటిని కట్టిన విద్యార్థులు నేర్చుకున్నది రాకెట్‌తోపాటు కూలిపోలేదు.

మీకు కోర్సు ముగిసేసరికి ఉపగ్రహం ఎగరడం దాదాపు అసాధ్యమని ఇప్పుడే ఒప్పుకుని, అందుకు తగ్గట్టు గురి పెట్టుకోండి. బల్ల మీద బతికి ఉన్న మూడు బోర్డులు, నిండిన పట్టిక, మీ తర్వాతి బ్యాచ్ వాళ్లు చదివి అర్థం చేసుకోగలిగే పత్రాలు. ఎగిరిన చాలా విద్యార్థి ఉపగ్రహాలు ఒక్క బ్యాచ్ చేతుల్లో పూర్తి కాలేదు, ఒకరు వదిలిన చోట ఇంకొకరు అందుకున్నారు. అందుకునేవాళ్లకు ఏమీ దొరకనప్పుడు మళ్లీ మొదటి కెమెరా ఎంపిక నుంచి మొదలవుతుంది.

ప్రొఫెసర్ గారి దగ్గరికి మాత్రం వెళ్లండి, ఫిర్యాదుతో కాకుండా మూడు కోరికలతో. ఒకటి, పట్టికలో లేనిది ఉపగ్రహంలో లేదన్న మాట ఆయన నోటి నుంచి రావాలి. రెండు, ల్యాబ్‌లో ఎవరూ కదిలించని ఒక బల్ల. మూడు, మార్కుల్లో కొంత భాగం వ్యక్తిగతంగా ఇవ్వడానికి వీలుందా అన్నది. వీలుంటే ఎవరి వరుస ఎవరు నింపారు, ఎవరి పరీక్ష ఎవరు చేశారు అన్న రికార్డు మీ దగ్గర ఎలాగూ ఉంటుంది. ‘మీలో మీరే తేల్చుకోండి’ అన్న మనిషి, ఇంత స్పష్టంగా అడిగితే సాధారణంగా కాదనరు.

సంతకాలయ్యాక కెమెరా వాళ్లు నాలుగో కెమెరాతో వస్తే ఆశ్చర్యపోకండి, వస్తారు. దాని వాట్లు, నిమిషాలు, గ్రాములు, కిలోబైట్లు వాళ్ల చేతే పట్టికలో వేయించండి. పవర్ వాళ్ల సంతకం, కమ్యూనికేషన్స్ వాళ్ల సంతకం వాళ్లే వెళ్లి తెచ్చుకోవాలి. మధ్యవర్తిగా మీరు వెళ్లకండి.